రెండు మూతల గది

కుకునూరుపల్లి దగ్గర మా ఊరి నుంచి

సిద్దిపేట పుస్తకాల మేడం ఉమారాణి గారికి, రాజమల్లయ్య రెండు చేతులు జోడించి రాసేది.

మీరు నన్నెరుగరు. సిద్దిపేట బస్టాండుల మీ కాగితం గోడకు అంటిచ్చి ఉంటె చూసిన. మట్టి ఇండ్లు, పెరటి తోటల మీద మంచి మంచి పుస్తకాలు పోస్టుల పంపుతం, చదివి మల్ల పంపాలె అని ఉన్నది. బెత్తెడంత అక్షరాలు గనుక చదవొచ్చింది.

నేను భీవండిల సాంచాల మీద బట్ట నేసి నేసి, ఇగ చాలని ఇంటికొచ్చినోణ్ణి. వచ్చినకాడ్నుంచి పేపర్ చదువుకుంట నిమ్మలంగ ఉన్న. గంతల మా ఇంటామె కొండవ్వ అలిగి చేర్యాలల చెల్లె ఇంటికి పోయింది. ఏమైందే అంటె, "గిన్నేండ్లాయె, అది గూడ నేనే నోరిడిసి చెప్పాల్నా? నీకే తెల్వాలె. తెలిసిననాడు కబురు పెట్టు, వస్త" అన్నది, బస్సెక్కింది.

అరుగు మీద కూసోని మస్తు ఆలోచన చేసిన. ఏం తక్కువ చేసిన? టీవీ ఉన్నది, ఫ్రిజ్ ఉన్నది. నా భీవండి సామాను గూడ ఇంట్ల అడ్డం పెట్టలే, పెరట్ల సర్కారోళ్లు కట్టిచ్చిన బాత్రూంల సదిరి తాళమేసిన. అట్ల ఆలోచన చేసుకుంట పైకి చూసిన. రేకులు! ఎండకాలం ఆ రేకుల కింద మనిషి అప్పడం లెక్క వేగుతడు. గిదే అయి ఉంటది. అందుకే ఒక చల్లటి మట్టి గది కట్టాల్నని మనసు పడ్డ. అది లేవంగనే కొండవ్వకు కబురు పెడుత. మంచి పుస్తకం ఏదో మీరే చెప్పి పంపుండ్రి.

ఉంట మరి,
రాజమల్లయ్య

తా.క. నా కళ్లద్దాలు కొండవ్వ సంచిల పోయినయి. రాసుడు అలవాటు మీద అయితది గని చదువుడు కాదు. మీ ఉత్తరం పోస్టు కర్ణాకర్ చాయ్ హోటల్ కాడ చదివి వినిపిస్తడు. ఫోను గూడ ఆ సంచిలనే ఉన్నది. నంబరు అడగకుండ్రి, నాకు నేను ఎన్నడన్న ఫోన్ చేసుకున్ననా, గుర్తుండను?

*

సిద్దిపేట

మాన్యులు రాజమల్లయ్య గారికి, ఉమారాణి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. 'మన్నూ మొక్కా' పుస్తకశాల తెరిచినప్పటి నుంచి మా గుమ్మం ఎక్కినవాళ్లలో చాలామంది జిరాక్స్ ఉందా అని అడిగి దిగిపోయినవారే. ఇల్లు కట్టుకోవడానికి పుస్తకం అడిగిన మొదటి మనిషి మీరు.

ఒక్క పుస్తకంతో పని జరగదు కాబట్టి నాలుగు పంపుతున్నాను. ముందుగా 'గోడ కంటే ముందు మన్ను' చదవండి. మన్ను గుణం తెలియకుండా గోడ లేపితే అది మొదటి వానకే మనకు దండం పెట్టి వెళ్లిపోతుంది. తర్వాత 'ఊపిరి తీసే గోడలు'. ఆ తర్వాత 'పెరటి అడవి'. గదికి నీడ ఏ చెట్టుతో రావాలో అందులో ఉంది. పచ్చ అట్టతో ఉన్న 'ఏదీ వృథా కాని ఇల్లు' అన్నిటికన్నా చివర. వరుస తప్పవద్దు. నాలుగూ చదవడం అయ్యేదాకా గడ్డపార ముట్టవద్దని నా మనవి.

అన్నీ ఒక్కొక్క ప్రతే ఉన్నాయి. జాగ్రత్తగా చూసుకోండి.

మీ మేలు కోరే,
ఉమారాణి

తా.క. కళ్లద్దాలు తొందరగా తెప్పించుకోండి. బొమ్మలు చూసి సరిపెట్టుకోకండి. అసలు సంగతి ఎప్పుడూ బొమ్మ కింద ఉంటుంది.

*

మా ఊరు

ఉమారాణి బిడ్డకు రాజమల్లయ్య ఖుషీగ రాసేది.

పుస్తకాలు ముట్టినయి. కర్ణాకర్‌ను అడిగిన, గివి గూడ చదివి పెట్టరాదు అని. పోస్టు మనిషి ఉత్తరం దాంకనే, పుస్తకం తన డ్యూటీల లేదంటుండు. అయినా నీ మాట జవదాటలే బిడ్డా. వరుస తప్పకుండ నాలుగు పుస్తకాల బొమ్మలు మొదటికెల్లి చివరిదాంక చూసిన.

చివరి పుస్తకంల ఒక గది ఉన్నది. అబ్బబ్బ, ఎంత ముద్దుగున్నది! మెట్లెక్కి పోవాలె. మట్టి గోడలు, పైన పెంకలు, ఇంత కిటికీ. లోపట నేల మీద రెండు కంతలు, రెంటికి రెండు చెక్క మూతలు. కింద ఖాళీ జాగ, ఎనకదిక్కు రెండు చిన్న తలుపులు. చదువుడు ఎందుకు, చూడంగనే సమజైంది. మా నాయిన జొన్నల గుమ్మి గిట్లనే ఉండె. పైకెల్లి జొన్నలు పోసుడు, కింద తలుపు తీసి గంపల పట్టుకునుడు. మనిషి పైన పండుకుంటడు, గింజలు కింద పండుకుంటయి. ఏం తెలివి! గీ కాలపోళ్లకు మా నాయిన తెలివి ఇప్పుడొచ్చింది.

పునాది తవ్వుడు షురూ చేసిన. పక్కింటి మల్లేశ్ తోడున్నడు. ఎర్రమన్ను, వరిగడ్డి కలిపి ఇద్దరం తొక్కుతున్నం. కొండవ్వ చూస్తె నోరెళ్లవెడుతది.

మీ రుణం మరువని,
రాజమల్లయ్య

తా.క. బొమ్మల మంచం లేదు. గీసినాయన మర్చిపోయినట్టున్నడు. నేను మంచం పట్టేటట్టు పెద్దగ కడుతున్న.

*

సిద్దిపేట

రాజమల్లయ్య గారికి, కాస్త కంగారుగా ఉమారాణి.

మీ ఉత్సాహం చూసి ముచ్చటేసింది. కానీ నేను పంపిన పుస్తకాల్లో ధాన్యం దాచుకునే గది ఎక్కడా చదివిన గుర్తు లేదు. తీసి చూద్దామంటే ప్రతి మీ దగ్గరే ఉంది. అది ఏ బొమ్మ? చుట్టూ ఇంకా ఏమేం గీశారు? దయచేసి నా జవాబు వచ్చేదాకా పని ఆపండి. ఎవరో ఒక బడిపిల్లనైనా పిలిచి ఆ బొమ్మ కింద రాసింది చదివించుకోండి.

జవాబు కోసం చూస్తూ,
ఉమారాణి

తా.క. కంతలు అన్నారు. ఎంత వెడల్పు?

*

మా ఊరు

ఉమారాణి బిడ్డకు, గోడలు లేపిన రాజమల్లయ్య రాసేది.

పని ఆపమన్న నీ ఉత్తరం వచ్చేయాల్లకు పెంకలు గూడ కప్పినం. ఇగ ఏం ఆపాలె? బడిపిల్లల నమ్ముకుంటె నాలుగు అక్షరాలు చదివి నలభై ప్రశ్నలడుగుతరు.

కంత మరీ పెద్దది గాదు, మనిషి జారిపడడు, నువ్వు పరేషాన్ గాకు. గది పక్కపొంటి పైకప్పు దాటేటట్టు ఒక నల్లటి పైపు పెట్టుమని బొమ్మల ఉన్నది, కొసకు తీగల జాలి. పొగగొట్టమని పెట్టిన. ఎనక తలుపుల కాడ అరటిచెట్లు గీసిన్రు. ఎందుకో ఏమో, ఉన్నయి గదా అని నేను గూడ పెట్టిన. లోపట పెండతోటి అలికిన. మిట్టమధ్యాహ్నం పోయి కూసున్నా కుండల నీళ్ల లెక్క చల్లగున్నది బిడ్డా. పొలం జొన్నలు ఒక కంతల పోసి మూత పెట్టిన.

చేర్యాల బస్సు కండక్టర్ తోటి కొండవ్వకు కబురు పెట్టిన. "నీ మనసుల ఉన్నది తెలిసింది, కట్టిన, రా" అని. శుక్రవారం చెల్లెను, మరిదిని తీసుకొని వస్తనన్నదట. గదిల్నే పాలు పొంగిస్తం. ఆమె మొకంల నవ్వు చూస్తె చాలు నాకు, ఇంకేమొద్దు.

ఇట్లు,
రాజమల్లయ్య

తా.క. చెప్పుడు మర్చిపోయిన. ఒక్కొక్క కంతకు అటొకటి ఇటొకటి రెండు పాదాలు గీసిన్రు. గింజలున్న కాడికి లచ్చిందేవి నడిచొస్తున్నదని సమజైంది. ముగ్గుపిండితోటి మంచిగ ఏసిన.

*

సిద్దిపేట

రాజమల్లయ్య గారికి ఉమారాణి అత్యవసరంగా రాసేది.

మీ ఉత్తరం చదివాక రెండుసార్లు మంచినీళ్లు తాగాను. అది ఏ బొమ్మో నాకు గుర్తొచ్చింది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. నా ఉత్తరాలు హోటల్ కాడ పదిమందిలో చదువుతారని తెలిసి కలం సాగడం లేదు. మీరు పెద్దవారు, సూచనగా చెబుతాను, గ్రహించండి. ఆ గది పడుకోవడానికి కాదు. పాలు పొంగించడానికి అసలే కాదు. ప్రతి మనిషికీ రోజూ తప్పని పని ఒకటి ఉంటుంది. అది ఎవరికి వారు, ఒంటరిగా, తలుపు వేసుకుని చేసుకునేది. గది అందుకోసం. ఏడాది పోయాక కింది తలుపులు తెరిస్తే వచ్చేది ధాన్యం కాదు, ఎరువు. అర్థమయిందనుకుంటాను.

కొండవ్వ గారు రాకముందే జొన్నలు తీసేయండి.

ఆందోళనతో,
ఉమారాణి

తా.క. ఆ పాదాలు లక్ష్మీదేవివి కావు.

*

మా ఊరు

ఉమారాణి బిడ్డకు రాజమల్లయ్య, హోటల్ మందితోటి కలిసి రాసేది.

నీ ఉత్తరం కర్ణాకర్ రెండుసార్లు చదివిండు. అందరం కూసోని ఆలోచన చేసినం. రోజూ తప్పదు, ఒక్కరే ఉండాలె, తలుపు ఏసుకోవాలె. మల్లేశ్ జపం అన్నడు. కర్ణాకర్ ధ్యానం అన్నడు, వాని బామ్మర్ది హైదరాబాదుల పైసలు గట్టి మరీ చేస్తడట. మా ఇంట్ల ధ్యానం గది! నువ్వు ఎంత దూరం ఆలోచన చేసినవు బిడ్డా. నేను పొద్దున పోయి మూతల నడుమ కండ్లు మూసుకొని కూసున్న. నిజంగనే మనసు తేలికైంది.

ఎరువు ముచ్చట గూడ తెలిసింది. జొన్నలు ఏడాది ఉంచితె పురుగువట్టి ఎరువైతయని నీ భయం. వేపాకు ఏసిన, రంది పెట్టుకోకు.

శుక్రవారం నువ్వు గూడ రా. పొగగొట్టం దగ్గర పొయ్యి పెట్టినం. నిన్ను ఆ గదిల్నే కూసోవెట్టి అన్నం పెడుత.

ఎదురుచూసే,
రాజమల్లయ్య

తా.క. పాదాలు లచ్చిందేవివి కాకుంటె ఎవలివి? హోటల్ల పందాలు నడుస్తున్నయి. జర ఎవలకు చెప్పకుండ నాకొక్కనికి రాయి.

*

సిద్దిపేట, స్పీడ్ పోస్టు

కాకా!

ఇగ సూచనలు లేవు, గీచనలు లేవు. అది మరుగుదొడ్డి! నీళ్లు లేకుండ బూడిద చల్లి వాడుకునే మరుగుదొడ్డి! ఒక కంత నిండితె మూసి రెండోది వాడుడు! ఆ పాదాలు మనిషి కూసునేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుర్తులు! ఆ పైపు వాసన పోను! జొన్నలు తియ్యి, మంచం తియ్యి, పొయ్యి తియ్యి!

చల్లటి గది కోసం అలిగిన మనిషికి నా పుస్తకం చూసి నువ్వు దొడ్డి కట్టి చూపిస్తుంటివి. ఆమె ఆ మెట్లు చూసి మల్ల బస్సెక్కితె ఆ పాపం నాదే. బొమ్మలున్న పుస్తకం పంపినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్న. కొండవ్వ కాళ్లు పట్టుకొని చెప్పు, తప్పంత సిద్దిపేట మేడందని.

ఉమారాణి

తా.క. కర్ణాకర్ గారూ, ఈ ఒక్క ఉత్తరం దయచేసి మీ మనసులో చదువుకొని కాకా చెవిలో చెప్పండి.

*

మా ఊరు

బిడ్డ ఉమారాణికి కొండవ్వ దీవించి రాసేది.

భయపడకు. నేను బస్సెక్కలే.

శుక్రవారం నీ ఉత్తరం వచ్చేయాల్లకు నేను, చెల్లె, మరిది, హోటల్ మంది అందరం వాకిట్లనే ఉన్నం. పాలు పొయ్యి మీదున్నయి. కర్ణాకర్ కవరు చింపి మనసుల చదువుకున్నడు. మొకం ఎర్రగయ్యి, నోరు మూసుకొని అరటిచెట్ల ఎనకకు ఉరికిండు. నేను పోయి ఉత్తరం గుంజుకున్న. సంచిలకెల్లి అద్దాలు తీసి పెట్టుకొని అందరికి వినవడేటట్టు చదివిన. మా ఆయన రుమాలు మొకం మీద కప్పుకొని పొయ్యి కాడ్నే కూలబడ్డడు. "నీకు చల్లగ ఉండాల్నని కట్టిననే కొండవ్వా, గిట్లయిపాయె. మల్ల పోకే" అన్నడు.

ఇగ అసలు ముచ్చట విను బిడ్డా. రేకుల వేడికి నేనెందుకు పోత? పుట్టినకాడ్నుంచి ఎండల పనిచేసినదాన్ని. సర్కారోళ్లు కట్టిచ్చిన దొడ్డి ఒక్కటుండె మాకు. ఈయన భీవండికెల్లి వచ్చి, విరిగిన సాంచ ముక్కలు, పాత పేపర్ల కట్టలు దాంట్ల నింపి తాళమేసిండు. ఆయనకేంది, మొగోడు, ఏ గట్టుకన్న పోతడు. నేను తెల్లారకముందే చెంబు పట్టుకొని గుట్ట దాంక పోవాలె. ఎవలన్న బండి లైటు వేసుకొని వస్తె లేచి నిలవడాలె. ఈ వయసుల మొగనికి గా మాట నోరిడిసి చెప్పాల్నంటె ఎంత సిగ్గు! తనంత తానే తెలుసుకుంటడని చూసిన. తెలుసుకోలే. తెలుసుకోకుంటనే కట్టిండు!

జొన్నలు తీయిచ్చిన, మంచం ఎత్తిచ్చిన. అందర్ని దూరం పొమ్మని మెట్లెక్కి లోపట్నుంచి గొళ్లెం పెట్టుకున్న. చానాసేపు బయటికి రాలే. ఎంత చల్లగున్నదో. ఎవలొస్తున్నరో అని చెవులు రిక్కిచ్చే పనిలేదు. నవ్వొచ్చింది, ఏడుపు గూడ వచ్చింది. బయట ఈయన తలుపు కొట్టి, "కొండవ్వా, మంచిగున్నదా?" అని అడుగుతుండె. "మంచిగున్నది, జర ఊకో" అన్న.

పాలు పొంగి సగం నేలపాలైనయి. మిగిలినవాట్ల చాయ్ చేసి వాకిట్ల అందరికి పోసిన. ముగ్గు పాదాలు తుడిచి ఇటికెలు పెట్టిచ్చిన. నీ పుస్తకాలు మూడు పంపుతున్న. పచ్చ అట్టది మాత్రం ఎనక తలుపు తెరిచేదాంక నా దగ్గర ఉండనియ్యి, దాంట్ల చదువవలసింది ఉన్నది. ఎరువు అయిననాడు నీ పుస్తకశాల ముంగట మొక్కలకు ఒక సంచి పంపుత.

నీ మేలు మరువని,
కొండవ్వ

తా.క. అద్దాలు నేను మర్చిపోయి సంచిల ఏసుకున్ననని ఈయన అనుకుంటుండు. కావాల్ననే తీసుకపోయిన. అద్దాలుంటె పొద్దంత పేపరే, గడ్డపార ముట్టడు. అద్దాలే ఉంటె గా బొమ్మ కింద రాసింది చదివి, "గిది మనకు ఉన్నది గదా" అని పేజీ తిప్పుతుండె. ఇప్పుడు పండుకునే గదికి పుస్తకం పంపు, రేకుల కింద నిజంగనే వేడిగున్నది. బొమ్మలు మంచిగుండేది చూడు. అది లేచేదాంక అద్దాలు నా సంచిల్నే ఉంటయి.