పది నిమిషాల ఇడ్లీ

దేవరుప్పుల,
మంగళవారం.

వదినగారికి నమస్కారాలు.

ఫోన్‌లో మీతో ఈ మాట అనలేను, అందుకే రాస్తున్నాను. మోచేయి నొప్పితో నేను పొద్దున్నే టిఫిన్ చేయలేనని, జనగామ దవాఖానలో ఉద్యోగం మానేసి వంట చూసుకొమ్మని మీ అమ్మాయి ప్రత్యూషకు చెప్పారట. ఆ అవసరం లేదు.

ఇడ్లీ పొడి ప్యాకెట్ తెప్పించాను. మొదటిసారి అలవాటు కొద్దీ కలిపి రాత్రంతా పులియబెట్టాను. పొద్దున నోట పెట్టలేకపోయాం. "అత్తమ్మా, గిది పది నిమిషాలే నానాలె. ప్యాకెట్ మీద రాసే ఉంది" అని మీ అమ్మాయి ఒకటే నవ్వు.

నిన్న తను చెప్పినట్టే వండాను. నైవేద్యం పెట్టకుండా మా ఇంట్లో ఎవరూ తినరు కదా. "ప్యాకెట్‌ది దేవునికి పెట్టొచ్చా?" అని ప్రత్యూష అడిగింది.

"తానం జేసి నేనే కలిపిన, నేనే ఉడకబెట్టిన. ఎందుకు పెట్టొద్దు బిడ్డా?" అన్నాను.

మీ అల్లుడు ఐదు తిని, "రోజూ గివే చెయ్యరాదే అమ్మా" అన్నాడు. నేను రుబ్బి చేసిన వాటికి ఏనాడూ అంత మాట అనలేదు.

ప్రత్యూష కూడా కడుపునిండా తిని ఏడింటి బస్సు ఎక్కింది. ఉద్యోగం మానమని మళ్ళీ అనకండి వదినా. ఆ ఉద్యోగం రావాలని రెండేళ్ళు ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉన్నది నేను.

మీ వదిన