గుంట అలిగింది

నెల్లూరు,
ఆగస్టు 4

ప్రియమైన మామయ్యకు,

కూర్చుని చదువు, నిలబడితే పడతావు. మీ రొయ్యల కంపెనీ యజమాని పద్మనాభయ్య గారు సాఫ్ట్‌వేర్ పని మాకిచ్చారు! మాకు అంటే నేను, హరినాథ్, బిందు. ఒక గది, రెండు ఫ్యాన్లు. నువ్వు నా మేనమామవని ఆయనకు చెప్పలేదు. పని చూసి ఇవ్వాలి గానీ చుట్టరికం చూసి కాదు కదా.

మూడేళ్లలో మందులు వాడని రొయ్యలకు పేరు తెచ్చుకోవాలని ఆయన పట్టుదల. కంపెనీ ఆ దారిలో నడుస్తోందో లేదో ఒక్క తెర మీద కనపడాలి. దీన్ని బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ అంటారు. లాభం ఒక్కటే చూస్తే చాలదని నాలుగు గళ్లు పెడతాం: డబ్బు, కొనేవాళ్ల తృప్తి, పని జరిగే తీరు, మనుషులు కొత్తగా నేర్చుకునేది. వారం వారం ప్రతి సూపర్‌వైజరూ తన రొయ్యల గుంటలకు ఫోన్‌లో రంగు నొక్కాలి. బాగుంటే ఆకుపచ్చ, అనుమానమైతే పసుపు, బాగాలేకపోతే ఎరుపు.

సెప్టెంబరు 5న ఆయనకు చూపించాలి. నచ్చితే ఎనిమిది యూనిట్లకూ మాదే. నచ్చకపోతే గది ఖాళీ చేసి ముగ్గురం బెంగళూరులో ఉద్యోగాలు వెతుక్కోవాలి. ఆరో యూనిట్‌ను ఇన్నేళ్లుగా నడుపుతున్నావు. నువ్వయితే ముందు ఏం చూస్తావు? ఫోన్‌లో అడిగితే అన్నిటికీ "సరేలేమ్మా" అంటావని ఉత్తరం రాసి, మేత వ్యాన్ ఆదెయ్య చేతికిస్తున్నాను.

నీ ప్రత్యూష

*

వాకాడు,
ఆగస్టు 7

చిరంజీవి ప్రత్యూషకు ఆశీస్సులు.

నిలబడే చదివాను, పడలేదు. మీ అత్త మాత్రం "ఎనిమిదో తరగతి లెక్కల్లో తప్పిన పిల్లేనా ఇది!" అని ముక్కున వేలేసుకుంది.

నీ నాలుగు గళ్లూ బాగున్నాయి. కానీ అన్నీ అయిపోయినదాన్నే చెబుతున్నాయి. రొయ్య పట్టి తూకం వేసేసరికి మంచి చెడ్డా ఎప్పుడో జరిగిపోయి ఉంటాయి. మేం మేత చల్లేటప్పుడు చెక్ ట్రేలో కూడా కొంచెం వేసి గుంటలోకి దించుతాం. రెండు గంటలకు పైకి లాగి చూస్తాం. ఖాళీ అయితే కింద అంతా క్షేమం. మేత మిగిలితే ఏదో తేడా. రేపు రాబోయేది ఆ ట్రే ఈరోజే చెబుతుంది. నీ తెర మీద చెక్ ట్రే ఏదమ్మాయ్?

మీ మామయ్య
పెంచలకృష్ణ

*

నెల్లూరు,
ఆగస్టు 29

ప్రియమైన మామయ్యకు,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి గెంతాను. సగం పని పడేసి మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు ప్రతి లక్ష్యం పక్కనా రెండు అంకెలు ఉంటాయి, ఒకటి జరిగినది, ఇంకొకటి జరగబోయేదాన్ని ముందే చెప్పేది. గుంటలకు చెక్ ట్రే. కొనేవాళ్లకు, వచ్చిన ఫిర్యాదుకు మనం ఎన్ని గంటల్లో జవాబిచ్చాం అన్నది. హరినాథ్ అయితే నిన్ను జీతానికి పెట్టుకుందామంటున్నాడు.

రెండు వారాలుగా ఎనిమిది యూనిట్లూ పరీక్షగా రంగులు నొక్కుతున్నాయి. చెబితే నమ్మవు, మొత్తం ఆకుపచ్చే! తెర చూస్తుంటే నాట్లు వేసిన బుచ్చిరెడ్డిపాలెం పొలాల్లా ఉంది. ఇంకేం, గెలిచినట్టే.

నీ ప్రత్యూష

*

వాకాడు,
ఆగస్టు 31

చిరంజీవి ప్రత్యూషకు,

అంతా ఆకుపచ్చ అన్నావు చూడు, అక్కడే తేడా ఉంది. తప్పు నాది కూడా. పది రోజులుగా నా నాలుగు గుంటల్లో ట్రేలు మేతతోనే పైకి వస్తున్నాయి. అయినా ఆకుపచ్చే నొక్కాను.

గట్టు మీద చెడ్డ మాట అనకూడదని మా పట్టింపు. రొయ్య మేత ముట్టకపోయినా జబ్బు అనం, "గుంట అలిగింది" అంటాం. అలిగినదాన్ని బతిమాలి దారికి తెచ్చుకోవచ్చు. ఎరుపు నొక్కితే జబ్బని నోటితో అన్నట్టే. మిగతా సూపర్‌వైజర్లూ ఇదే చేసి ఉంటారు. పైకి చెప్పలేక చాటుగా మందులు పోశారంటే యజమాని పట్టుదల గంగపాలే.

నీకు అబద్ధం చెప్పానని సిగ్గుగా ఉంది. తిట్టాలనుకుంటే తిట్టు.

మీ మామయ్య

*

నెల్లూరు,
సెప్టెంబరు 5

ప్రియమైన మామయ్యకు,

తిట్టను. నీ ఉత్తరం అందిన పూటే ఎరుపు తీసేసి, ఆ చోట "అలిగింది" అని బటన్ పెట్టాను. మొదట నొక్కింది నువ్వే. నాలుగు గుంటలు. రెండు రోజుల్లో అన్ని యూనిట్లూ కలిపి పదకొండయ్యాయి.

హరినాథ్ తల పట్టుకున్నాడు. "పచ్చగా ఉన్నిందాన్ని చెడగొట్టుకుంటిమే ప్రత్యూషా, పాతదే చూపిస్తే పోలా?" అన్నాడు. అబద్ధం చూపించి గెలవడం నాకు చేతకాదన్నాను.

ఈ ఉదయం పద్మనాభయ్య గారు వచ్చారు. అలిగింది అంటే ఏమిటని అడిగితే చెప్పాను. తెర మీద ఒక గుంట నొక్కి దాని వివరాలు చూశారు, ఇంకో గుంట చూశారు. ఉన్నట్టుండి లేచి, కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయారు. ఇక గది ఖాళీ చేయడమేనని బిందు అప్పుడే ఒక ఫ్యాన్ ఊడదీసింది. నా సంగతి సరే, పదకొండులో నాలుగు నీవే. నిన్నేమైనా అంటారేమోనని భయంగా ఉంది.

నీ ప్రత్యూష

*

వాకాడు,
సెప్టెంబరు 6

చిరంజీవి ప్రత్యూషకు,

ఫోన్ ఆపేసుకుని కూర్చున్నావట, ఆదెయ్య చెప్పాడు. అందుకే ఇది.

కాఫీ తాగకుండా లేచిన మనిషి తిన్నగా మా గట్టు మీదికే వచ్చాడు. చెప్పులు విడిచి, ట్రే తానే పైకి లాగాడు. మేత అలాగే ఉంది. ఫోన్ నా ముందు పెట్టి, పదకొండు గుంటల్లో తొమ్మిదింటికి ఒకే విడతలో కొన్న రొయ్య పిల్ల వేశామని చూపించాడు. ఇన్ని యూనిట్లలో ఇది ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. ఆ నీళ్లు పక్క గుంటల్లోకి పోకుండా అప్పటికప్పుడే అడ్డు కట్టించాడు. అలిగిన గుంటల్లో రేపే రొయ్యలు పట్టేస్తాం, మిగతా గుంటలు దక్కుతాయి.

అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఎన్నాళ్లనించి అలిగుండాయి పెంచలకృష్ణా?" జబ్బు అనే మాట ఆయన నోటా రాలేదు చూశావా.

"రెండు వారాలు దాటింది సార్."

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్పేదానికి బటన్ మొన్ననే వచ్చింది సార్."

ట్రేను మళ్లీ నీళ్లలోకి దించాడు. తర్వాత, "ఆ బటన్ పెట్టిన పాప ఎవురి బిడ్డబ్బా?" అన్నాడు. ఇక దాచలేకపోయాను, మా చెల్లెలి కూతురని చెప్పేశాను. ఇన్నేళ్ల నౌకరీలో అంత గర్వంగా నేనేదీ చెప్పలేదు తల్లీ. సోమవారం వచ్చి ఎనిమిది యూనిట్ల ఒప్పంద కాగితం తీసుకోమన్నాడు.

ఫోన్ ఆన్ చెయ్యి. బిందును ఆ ఫ్యాన్ మళ్లీ బిగించమను.

మీ మామయ్య
పెంచలకృష్ణ