గుమ్మడికాయల దొంగ

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి నీ మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. ఒక్క గిన్నె తప్ప వంటిల్లు కూడా క్షేమమే. నువ్వు అక్కడ వేళకు తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మన చిన్నారి మిరపకాయకు దగ్గు తగ్గింది. బడికి వెళ్తోంది. ఏడేళ్ళు నిండినా నోటి ఘాటు మాత్రం తగ్గలేదు. అబ్బాయికి ఈ నెలంతా రెండో షిఫ్టు, కాబట్టి మధ్యాహ్నం ఇంట్లోనే తిని వెళ్తున్నాడు.

పెరట్లో టమాటాలు ఆఖరి కోతకు వచ్చాయి. బాగా పండినవి ఉడకబెట్టి ఏడు గాజు సీసాల్లో నింపాను. చలి ముదరకముందే పచ్చివి కూడా కోసేసి, ఒక్కొక్కటీ పాత పేపర్లో చుట్టి చెక్కపెట్టెలో పెట్టాను. రోజుకు రెండో మూడో ఎరుపెక్కుతున్నాయి. గుమ్మడికాయలు పదకొండు తేలాయి. తొడిమ విరగకుండా కోసి, ఒకదానికొకటి తగలకుండా నా పాత పనిబల్ల మీద పేర్చాను.

గుమ్మడి ముక్కలు ఉడికాయా అని అడిగావు. మొదటి రోజు భాగోతం నీకు పూర్తిగా రాయలేదు. చెక్కులో కత్తి ఇరుక్కుని అటూ పోదు, ఇటూ రాదు. నలభై ఏళ్ళు వడ్రంగం చేసినవాణ్ణి, ఒక కాయకు ఓడిపోతానా? చిన్న రంపం తెచ్చి, వేడినీళ్ళతో కడిగి, కోత మొదలుపెట్టాను. మిరపకాయ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"తాతా, గుమ్మడికాయకి తలుపులు పెడుతున్నావా?"

ఆ రోజు టమాటాలు, గుమ్మడి ముక్కలు కలిపి ఒకేసారి పొయ్యెక్కించాను. గంట దాటినా ముక్క మెత్తబడలేదు. అడుగు మాత్రం మాడింది. అబ్బాయి నమిలి నమిలి, "నాన్నా, ఇది కూరా, కలపా?" అన్నాడు. నువ్వు రాసినట్టే నిన్న చేశాను. ముందు ఉల్లిపాయలతో ముక్కలను మూతపెట్టి మగ్గించి, మెత్తబడ్డాకే టమాటా వేశాను. పులుపు ముందే తగిలితే ముక్క మొండికేస్తుందని ఈ వయసులో తెలిసింది. మిరపకాయ మారు అడిగి వేయించుకుంది. అమ్మ వండినంత బాగుందా అంటే, "అంత లేదు గానీ, తినొచ్చు" అంది. నాకది చాలు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "నేను లేక మీరంతా అవస్థ పడుతున్నారు. ఈ చదువు మానేసి వచ్చేయనా మావయ్యా?" అని రాశావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వు మామూలుగా అన్న మాటకు నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకో చెబుతాను. మూడు కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట, చెవి డాక్టరు దగ్గర రోగులకు చీటీలు రాసే పని చేస్తున్నప్పుడు, వినికిడి యంత్రాలు అమర్చే ఈ శిక్షణకే నువ్వు మొదటిసారి దరఖాస్తు పెట్టుకున్నావు. జవాబు రాలేదని, నీకంత తెలివి లేదనుకుని, నెలరోజులు ముభావంగా తిరిగావు.

జవాబు వచ్చింది తల్లీ. నువ్వు ఎంపికయ్యావు. పోస్టుమాన్ ఆ కవరు నా చేతికే ఇచ్చాడు. విప్పి చదివాను. ఏడాదిపాటు నువ్వు లేకపోతే నాకు వేడివేడిగా ఎవరు వండిపెడతారన్నదే నాకు తట్టిన మొదటి ఆలోచన. మీ అత్తయ్య పోయాక కూడా పొయ్యి దగ్గరికి వెళ్ళనివాణ్ణి. పసిపిల్ల ఉంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, అది సాకు. కవరు తీసుకెళ్ళి పనిముట్ల పెట్టె అడుగున పెట్టేశాను.

ఆ సాయంత్రం నువ్వు చెప్పులు విప్పుతూ, "నాకేమైనా ఉత్తరం వచ్చిందా మావయ్యా?" అన్నావు.

"లేదమ్మా" అన్నాను.

నువ్వు లోపలికి వెళ్ళి, నాకిష్టమని గుమ్మడి కూర వండావు. తిన్నాను. మారు కూడా అడిగాను.

ఆ కవరు దీంతోపాటే పంపుతున్నాను. నిన్న భోజనాల దగ్గర అబ్బాయికి చెప్పాను. వాడు కంచం పక్కకు జరిపాడు. "ముందు తనకి రాయి నాన్నా. నాతో తర్వాత మాట్లాడుదువు గానీ" అని, కంచం కడిగిపెట్టి పనికి వెళ్ళిపోయాడు.

క్షమించమని అడగను. అది నీ ఇష్టం. నువ్వు వచ్చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. నా కడుపు కోసం నీ చదువు ఒకసారి ఆగింది. రెండోసారి ఆగనివ్వను. చలికాలం దాటి నీ పరీక్షలయ్యేదాకా ఈ ఇంట్లో పొయ్యి బాధ్యత నాది. మాడినా, ఉడక్కపోయినా, మళ్ళీ పెట్టి వండుతాను. రేపటి నుంచి మిరపకాయ బడి డబ్బా కూడా నేనే కడతాను.

నన్ను తిట్టాలనుంటే నోరారా తిట్టు. కానీ చదువు మధ్యలో వదిలేసి వచ్చి తిట్టకు. పరీక్ష రాసి, గెలిచి, వచ్చి తిట్టు. నీ ఎదురుగా నిలబడి ప్రతి మాటా వింటాను.

ఇట్లు,
నీకు అన్యాయం చేసిన
నీ మావయ్య