రాకుమారి మంచం

రవణా,

రెండు రోజులుగా ముసురు పట్టింది. మగ్గం గుంటలో నీళ్లు ఊరాయి. తోడిపోసినా నేత సాగలేదు. నిన్న పని ఆపి, మన పద్మ నాట్యం చూడడానికి పటమట వెళ్లాను. నువ్వు పోయాక నేను ఊరు దాటడం ఇదే మొదలు.

శాపం తగిలి నూరేళ్లు నిద్రపోయే రాకుమారి కథను రెండు గంటల కూచిపూడి రూపకంగా ఆడారు. రాకుమారి మన పద్మే. తెర తీయకముందు వేదిక ఎక్కి చూశాను. ఆమె పడుకునే మంచానికి తలవైపు ఉత్తరానికి ఉంది. ఎవరూ చూడకుండా తిప్పి వేశాను.

నాట్యం మాస్టారు కనిపెట్టారు. "ఏవండీ పెద్దాయనా, జనానికి మొహం కనపడొద్దాండీ?" అని మళ్లీ ఉత్తరానికే తిప్పించారు.

పద్మ ఆ మంచం మీద కదలకుండా పడుకుంది. ఊపిరి ఆడుతోందా అని చూశాను. పట్టుబట్టల మీద ఏమీ తెలియలేదు. ఆస్పత్రిలో నీ పక్కన కూర్చుని కూడా అలాగే చూశాను. ఆగలేక లేచి, "పద్మా, లేమ్మా!" అని అరిచాను. హాలంతా నవ్వారు. పద్మ కళ్లు తెరవలేదు. పారాణి పెట్టిన కాలి బొటనవేలు రెండుసార్లు ఆడించింది. అప్పుడు కూర్చున్నాను.

"రాకుమారుడి పని కూడా నువ్వే చేసేస్తే ఎలా నాన్నా?" అంది తర్వాత, నా చేయి పట్టుకుని.

వాళ్ల తర్వాతి ఆట ఏలూరులో. అక్కడ మంచం ఎటు వేస్తారో అడగలేకపోయాను. ఈ ఉదయం ఆరుంపావుకి వాళ్ల వ్యాను వెళ్లింది.