తలుపు మీద చేతులు

బావా,

నువ్వు బాగున్నావని నాకు తెలుసు, ఆదివారం కారు స్పీకర్ల మోత పోటీ మైదానంలో చూశానుగా! మీ కొత్త బావమరిది, అదే ఆ టైర్ల కొట్టాయన కారు తలుపుకి వీపు ఆనించి, పళ్ళు బిగించి నిలబడ్డావు. పైకప్పు మీద నలుగురు, అద్దం మీద ఇద్దరు, వెనక ఆయన పినతండ్రి కొడుకులు. నా కారు దగ్గర నేనొక్కణ్ణే. లోపల కూర్చుని స్విచ్ నొక్కనా, బయటికొచ్చి తలుపు పట్టుకోనా? అర డెసిబెల్ తేడాతో ఓడిపోయాను.

కార్ల అద్దాలు బిగించి బతికేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆ మోతకి రేకు ఉబ్బుతుంది, అద్దం బయటికి పొంగుతుంది, దాంతో కొంత శబ్దం వృథా అవుతుంది. మనుషులు ఆనుకుని అదిమిపెడితే మీటరులో అంకె పెరుగుతుంది. మోత కొలిచే మైకు బెత్తెడు జరిగితే గోల చేస్తాం, అందరి కార్లలోనూ అద్దానికి ఒకే చోట అంటించాలంటాం. కిటికీ సందుంటే ఒప్పుకోం. మరి ఇంతమందిని ఎక్కించుకుంటే మాత్రం ఊరుకోవాలా? కారుని కొలుస్తున్నామా, చుట్టాలని కొలుస్తున్నామా?

మీటరు నడుస్తున్నంతసేపూ కారుని బయటినుంచి ఎవరూ తాకకూడదు, లోపల స్విచ్ నొక్కేవాడు తప్ప అందరూ తాడు అవతలే ఉండాలి. వచ్చే క్లబ్బు సమావేశంలో ఈ నియమం అడగబోతున్నాను. పాత సభ్యుడివి, నీ మాటంటే గురి ఉంది. నువ్వు చెయ్యెత్తితే మిగతావాళ్ళూ ఎత్తుతారు.

ఇట్లు,
నీ పాత బావమరిది


బావా,

నీ జవాబు అందింది. ఒకే ఒక్క వాక్యం రాశావు: "ఇన్నేళ్ళూ నీ కారుకి నేను ఆనుకున్నప్పుడు ఈ న్యాయం ఎక్కడికి పోయిందిరా?"

చెంప మీద కొట్టినట్టుంది. రెండు రోజులు నీ మీద కోపంతో తిరిగాను, తర్వాత కోపం కూడా మిగల్లేదు. సరే, ఉన్నమాట రాస్తాను. ఓడిపోవడం నాకు కొత్త కాదు. నీ వీపు ఇంకొకడి కారుకి ఆని ఉండటం చూడటమే కొత్త. అక్క పోయినప్పుడు ఏడ్చాను. నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వచ్చి, నవ్వుతూ ఫొటో కూడా దిగాను. మనిషన్నాక తోడు కావాలి, నిన్ను తప్పు పట్టలేదు. కానీ ఆ తలుపు దగ్గర నిన్ను చూశాకే అర్థమైంది, అక్కతో పాటు నువ్వు కూడా వెళ్ళిపోయావని.

నాకంటూ ఉండింది అక్కా, నువ్వూ ఇద్దరే. ఇప్పుడు కొట్టు కట్టేశాక గదికి వెళ్ళబుద్ధి కాదు. కారు ఆపుకుని అందులోనే కూర్చుంటాను. మైదానంలో అందరి గుండెలూ అదరగొట్టే స్పీకర్లలో పాట సన్నగా, పక్క కారుకి కూడా వినపడనంతగా పెట్టుకుంటాను. నవ్వితే నవ్వుకో.

నియమం మంచిదేనని ఇప్పటికీ అంటాను. అడిగినవాడి మనసే అంత మంచిది కాదు. ఇది తెలిశాక చెయ్యెత్తుతావో, దించుతావో నీ ఇష్టం.

నీ బావమరిది


బావకి,

సమావేశంలో అందరికంటే ముందు చెయ్యెత్తింది నువ్వే. పక్కనే మీ టైర్లాయన మొహం మాడ్చుకున్నా దించలేదు. ఆ రోజు చెప్పని థాంక్స్ ఇప్పుడు చెబుతున్నాను.

ఇక నిన్నటి పోటీ సంగతి. మైకులు నేనే తనిఖీ చేశాను, ఎవరూ కారు మీద వేలు కూడా వెయ్యలేదు. అయినా మీ వాడి కారు నన్ను చిత్తుగా ఓడించింది, ఈసారి ఏకంగా ఒక డెసిబెల్ తేడా! స్పీకర్ల పెట్టె అంత గట్టిగా కట్టాడు మరి. నా సాకు కాస్తా పోయింది.

నీ చేతులు ఖాళీ అయ్యాయి, ఇక నా పక్కకి వస్తావని పిచ్చి ఆశ ఒకటి ఉండేది. లోపల కూర్చుని అద్దంలోంచి చూశాను. తాడు అవతల మీ ఆవిడ వెనక నిలబడి, రెండు చేతులతో ఆవిడ చెవులు మూస్తున్నావు. వాళ్ళ తమ్ముడి కారుకీ మూశావు, నా కారుకీ మూశావు, అందులో పక్షపాతం లేదు. స్విచ్ నొక్కాను. బండంతా అదురుతుంటే లోపల కళ్ళు తుడుచుకున్నాను. నువ్వు ఉండాల్సిన చోటే ఉన్నావు బావా, అది ఒప్పుకోవడానికే నాకు ఇంతకాలం పట్టింది.

దిగగానే ఆవిడే ఎదురొచ్చింది. "ఈయన ఎంత గట్టిగా మూసినా నాకు నీ కారే ఎక్కువ వినపడింది తమ్ముడూ" అంది. నేనేమన్నానో తెలుసా? "మీటరు అలా అనలేదండీ" అన్నాను! మొద్దు మొహాన్ని. ఆవిడ నవ్వేసి, "నీ మీటరు సంగతి నాకెందుకు, ఆదివారం భోజనానికి రా" అని వెళ్ళిపోయింది.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడని ఏ వరసా పెట్టి పిలవలేదు, గమనించే ఉంటావు. 'అండీ' అంటూ తప్పించుకు తిరిగాను. అక్కా అని పిలిస్తే మా అక్క నిజంగా పోయినట్టేనని భయం. ఆదివారం వస్తాను. గుమ్మంలోనే పిలుస్తాను. గొంతు పైకి రాకపోతే, అక్కా అని పిలిచాడని నువ్వే ఆవిడకి చెప్పు.

నీ బావమరిది