నీటిచుక్కలో కాటుక నుసి

12 మార్చి 1976, శుక్రవారం

యూనివర్సిటీ నుంచి అరువు తెచ్చిన లేజరు సోమవారం తిరిగి ఇచ్చేయాలి. దాని వేడికి నీటిచుక్కలోని కాటుక నుసి ఓ పక్కకి జరుగుతోందని మంగళవారమే మా రీసెర్చి గైడు గారికి ఉత్తరం రాసేశాను. ఈపాటికి అంది ఉంటుంది.

ఇవాళ కాలేజీ లాబ్‌లో మైక్రోస్కోపు సర్దుతూ మా అటెండరు దానియేలు గారు కాసేపు అందులోకి చూశారు.

"లేజరు ఇంకా వెయ్యలేదు కదా సార్. నుసి అప్పుడే నడుస్తోందేంటండీ?" అన్నారు.

నేనూ చూశాను. నిజమే. వెలుతురు కోసం పెట్టిన టేబుల్ లైటు, చుక్క వేసిన గాజు పలకను ఆనుకునే ఉంది. ముట్టుకుంటే పలక వెచ్చగా తగిలింది. లైటు ఆర్పి, కిటికీ తెరిచి, పగటి వెలుతురులో లేజరు వేసి పావుగంట చూశాం. నుసి ఉన్నచోటే వణికింది తప్ప ఎటూ జరగలేదు.

పది రోజులుగా, చుక్క ఆరిపోతుందన్న తొందరలో, లేజరు వేశాకే కన్ను పెడుతున్నాను. అది లేకుండా ఒక్కసారి చూడాలని నాకు తోచనే లేదు.

తాళం వేస్తూ ఆయన, "రేపు ఎండ బాగా పడేటప్పుడు ఇంకోసారి చూద్దాం సార్" అన్నారు.

ఇప్పుడు రెండో ఉత్తరం చిత్తు రాశాను. "పొరపాటు గమనించాను" అని రాసి, కొట్టేసి, "మా అటెండరు గమనించారు" అని మార్చాను. గైడు గారు ఏమనుకుంటారోనని అదీ కొట్టేశాను.

ఇన్‌లాండ్ లెటరు ఇంకా ఖాళీగానే ఉంది.