ఓల్డ్‌రాయిడ్ గేటు దాటిన రోజు

కమ్మింగ్, జార్జియా
2 మార్చి 2025

చక్రపాణికి కేశవరావు నమస్కారాలు.

ఇక్కడ నేను ఇంకా ఉన్నాను. అక్కడ నువ్వూ ఉన్నావని మీ అమ్మాయి ఉజ్వల ఫోన్లో చెప్పింది. ఎనభై దాటినవాళ్ళ క్షేమ సమాచారాలు ఇంతకుమించి ఏముంటాయి? మీరు అని రాయాలా, నువ్వు అని రాయాలా అని పొద్దుటినుంచి రెండు కాగితాలు పాడుచేశాను. నలభై ఆరేళ్ళుగా మాట్లాడని స్నేహితుణ్ణి ఏమని పిలవాలో తెలియలేదు. చివరికి నువ్వు అనే రాస్తున్నాను. నచ్చకపోతే చింపి పారెయ్యి.

నువ్వింకా ఇంగ్లండులో, బ్రాడ్‌ఫర్డ్‌లోనే ఉన్నావనుకున్నాను. ఆష్‌బర్న్‌లో కూతురి దగ్గర ఉన్నావని తెలిసి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మా ఇంటికి కారులో పది గంటల దూరం. మా ఆవిడ జ్ఞానప్రసూనకి నర్సు ఉద్యోగం రావడంతో మేం ఎనభై ఎనిమిదిలోనే ఈ దేశం వచ్చేశాం. ఇక్కడ ఇరవై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు మా అమ్మాయి త్రివేణి ఇంట్లో ఉంటున్నాను. ఇక డ్రైవింగ్ వద్దని కిందటేడు డాక్టరు చెప్పగానే త్రివేణి కారు తాళాలు తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉండే ఈ కాలనీలో మెయిల్‌బాక్సు దాకా నడిచి వెళ్ళడం, రావడం. ఇప్పుడు నా రూటు అంతే. దానికే మోకాళ్ళు గోల పెడుతున్నాయి.

మన ఓల్డ్‌రాయిడ్ అండ్ సన్స్ లారీ కంపెనీ మీద ఇంగ్లండులో ఎవరో పుస్తకం వేస్తున్నారట. డెబ్భైల్లో ఆ యార్డులో బండి తోలినవాళ్ళలో ఐదుగురమే మిగిలామట, అందులో మనిద్దరం. నేను తెలుగులో రాస్తే ఉజ్వల ఇంగ్లీషు చేసి పంపుతానంది. కేశవరావు ఏం రాస్తాడో ముందు నాకు చూపించు అని నువ్వు అన్నావట. అందుకని నీకే రాస్తున్నాను.

నాకు ముందు గుర్తొచ్చేది చలి. ఉన్ని మిల్లులో దుమ్ము పీల్చలేక ఇద్దరం లారీ లైసెన్సు తెచ్చుకున్నాం కదా. పేరులోనే ఓల్డ్ ఉంది, ఇక బళ్ళు ఎలా ఉంటాయో చూడు అని నువ్వు నవ్వావు. నిజంగానే తలుపు సందులోంచి మంచు లోపలికి వచ్చి ఒళ్ళో పడేది. హల్ రేవులో ఉన్ని బేళ్ళు ఎక్కించుకుని, టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించేసరికి వేళ్ళు నావి కానట్టు ఉండేవి. నా ముడులు జారిపోతుంటే నువ్వు వచ్చి, తడితాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగాలని నేర్పావు. ఆ తాడు కోసిన మచ్చ నా ఎడమ చేతిమీద ఇంకా ఉంది.

కొండమీద పొగమంచు రోజు నీకు గుర్తుందా? డెబ్భై నాలుగు నవంబరు. నీ బండి రిపేరులో ఉందని నాతో వచ్చావు. మధ్యాహ్నం రెండింటికే ముందు చక్రం కూడా కనబడటం లేదు. ఒక పక్క లోయ. నువ్వు దిగి, వీపుమీద తెల్ల తువ్వాలు వేసుకుని లారీ ముందు నడిచావు. రెండు మైళ్ళు. నేను ఆ తువ్వాలు చూసుకుంటూ ఫస్ట్ గేరులో వెనకాలే వచ్చాను. అంత బరువు నీ వీపు వెనక నా చేతిలో పెట్టి, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు నువ్వు.

మీ ఆవిడ లీలావతమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం కూడా గుర్తొస్తోంది. డ్రైవర్ల కెఫేలో బల్లమీద విప్పితే ఆ యజమానురాలు ముక్కు మూసుకునేది. ఆరు నెలలు పోయాక తనే స్పూను పట్టుకొచ్చి నిలబడింది.

ఇక ఆ సంగతి. రాయకుండా తప్పించుకోవచ్చు, కానీ నువ్వు ఎదురుచూసేది దానికోసమే కదా.

డెబ్భై తొమ్మిది జనవరి, లారీ డ్రైవర్ల సమ్మె. మన యార్డులో యూనియన్ తరఫు మనిషివి నువ్వే. నలభైమంది తెల్లవాళ్ళు చేతులెత్తి ఒక ఇండియన్‌ని ఎన్నుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. గేటు దగ్గర నూనె డ్రమ్ములో మంట వేసుకుని అందరూ రెండు వారాలుగా నిలబడ్డారు. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి నేను లారీ స్టార్ట్ చేసి గేటు దాకా వచ్చాను. నువ్వు ఎదురొచ్చి బానెట్ మీద చెయ్యి వేశావు. అద్దంలోంచి నాకేసి చూశావు. నేను ఇంజన్ ఆపలేదు. నువ్వు చెయ్యి తీసేసి పక్కకి తప్పుకున్నావు.

ఎందుకలా చేశానో నీకు చెప్పలేదు. నువ్వూ అడగలేదు. ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు జ్ఞానప్రసూన న్యూకాసిల్‌లో ట్రైనింగులో ఉంది. త్రివేణిని తీసుకుని వాళ్ళ అక్కగారింట్లో ఉంది. నాలుగేళ్ళ పిల్ల. ఆ వారం దానికి న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో పెట్టారని ఫోను. మంచుకి రైళ్ళు లేవు, బంకుల్లో పెట్రోలు లేదు. ఒక లారీ ఇప్పించమని యజమాని కొడుకు, చిన్న ఓల్డ్‌రాయిడ్‌ని అడిగాను. సరుకు కూడా పట్టుకెళ్తే ఇస్తానన్నాడు. పట్టుకెళ్ళాను. గేటు దగ్గర నీతో చెబుదామంటే నోరు పెగల్లేదు. లీలావతమ్మ ఆ చలికాలం ఇండియా వెళ్ళి ఉంది, లేకపోతే ఆవిడ ద్వారా నీకు తెలిసి ఉండేది.

ఇంతే. అలసిపోయాను. చెయ్యి లాగుతోంది.

నీ
కేశవరావు

*

ఆష్‌బర్న్, వర్జీనియా
19 మార్చి 2025

ఒరేయ్ కేశవా,

మీరు అని రాసి ఉంటే నిజంగానే చింపేసేవాణ్ణి. నా కళ్ళకి పొర కమ్మింది. నీ ఉత్తరం ఉజ్వల చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఇది కూడా నేను చెబుతుంటే తనే రాస్తోంది. మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకుంటోంది, అందుకని అక్షరాలు అలికినట్టుంటే నన్ను అనకు.

ముందు ఒకటి సరిచెయ్యాలి. ఆ పొగమంచు రోజున నా వీపుమీద ఉన్నది తువ్వాలు కాదు, లీలావతి పాత చీర ముక్క. ఆవిడ పోయి పద్నాలుగేళ్ళయింది.

నువ్వు గేటు దాటాక ఏం జరిగిందో నీకు తెలీదు. నీ సొంతమనిషినే ఆపలేనివాడివి మమ్మల్నేం నడిపిస్తావని అందరిముందూ అడిగారు. సమ్మె గెలిచాం. నెల తిరక్కుండా నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. ఆ తర్వాత కంపెనీ మూతబడేదాకా ఏడేళ్ళు ఆ యార్డులో తలొంచుకుని పనిచేశాను. జ్ఞానప్రసూన పోయిందని కబురు నాకు తెలుసు. తెలిసీ ఫోన్ చెయ్యలేదు. అంత కోపం పెట్టుకున్నాను.

ఒక్క మాట చెప్పి ఉంటే గేటు నేనే తీసేవాణ్ణి కదరా! పాపకి బాగోలేదురా అంటే ఆ మనుషులు మంట దగ్గరనుంచి లేచొచ్చి నీ బండికి దారిలో మంచు ఎత్తేవాళ్ళు. చావుబతుకుల్లో ఉన్న పిల్ల తండ్రిమీద నలభై ఆరేళ్ళు పళ్ళు నూరుకున్నాను. పెద్దవాణ్ణి, నేనే క్షమించమని అడుగుతున్నాను.

పుస్తకంలో మిగతా ముగ్గురూ నీ గురించి కటువుగా రాశారు. ఉజ్వల పుస్తకం వేసేవాళ్ళకి ఈ సంగతి రాసి, ఆ మాటలు తీసేయించే పనిలో ఉంది.

ఏప్రిల్ పంతొమ్మిది, శనివారం. ఉజ్వల డ్రైవ్ చేసి నన్ను మీ ఇంటికి తీసుకొస్తుంది. డాక్టరు వద్దన్నాడు. వినలేదు. త్రివేణిని చూడాలి. దాని తలమీద ఒకసారి చెయ్యి పెట్టాలి.

నీ
చక్రపాణి

*

కమ్మింగ్, జార్జియా
6 ఏప్రిల్ 2025

ఒరేయ్ చక్రపాణీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. జవాబు ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ చెట్ల పుప్పొడి రాలే రోజులు. కార్లు, మెట్లు, కుర్చీలు అన్నీ పసుపు పూసినట్టున్నాయి. దానికి నాకు ఊపిరి ఆడదు. రోజంతా కిటికీలు మూసుకుని కూర్చోవడమే.

నువ్వు మెట్లెక్కలేవని కింద గది సిద్ధం చేయిస్తోంది త్రివేణి. మనవడు అనీష్ తన కంప్యూటరు బల్ల ఆ గదిలోంచి పైకి మోసుకెళ్ళాడు. చక్రపాణి అంకుల్ స్పైసీ తింటారా అని వాడి యాసలో నన్ను పదిసార్లు అడిగాడు. నువ్వు తినగలిగేదేమిటో ఉజ్వలని ఒకసారి ఫోన్ చెయ్యమను.

అమ్మాయికి ఈ మాట చెప్పు. శుక్రవారం సాయంత్రానికి షార్లట్ దాటేసి ఎక్కడైనా మోటెల్‌లో దిగండి. శనివారం పొద్దున్న లేచి రండి. ఒక్క బిగిన రావద్దు. రెండు గంటలకోసారి నిన్ను దింపి నాలుగడుగులు నడిపించమను. మనం డ్రైవర్లం, మనకి ఈ మాట ఒకళ్ళు చెప్పాలా అంటావు. ఇప్పుడు మనం సరుకులం, డ్రైవర్లం కాదు.

నువ్వు నన్ను క్షమించమన్నావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అంతకుమించి ఇప్పుడేమీ రాయలేను.

ఉజ్వలకి నా ఆశీస్సులు.

నీ
కేశవరావు

తా.క.: పైన సంతకం పెట్టి రెండు రోజులయింది. కవరు అంటించలేకపోయాను.

ఆ జనవరిలో త్రివేణికి జబ్బు చెయ్యలేదు. న్యుమోనియా లేదు, ఆస్పత్రి లేదు. వాళ్ళ పెద్దమ్మగారి పెరట్లో మంచు బొమ్మ చేసుకుని ఆడుకుంటోంది.

ముందు రోజు మధ్యాహ్నం చిన్న ఓల్డ్‌రాయిడ్ మా ఇంటికి వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గర విప్పాడు. నేను పెట్టిన టీ తాగాడు. నన్ను మిస్టర్ రావు అన్నాడు. ఆ దేశం వచ్చిన పదమూడేళ్ళలో ఏ తెల్లవాడూ నా ఇంట్లో కూర్చోలేదు, నన్ను మిస్టర్ అనలేదు. నీలాంటివాడు ఒక్కడు బండి తీస్తే చాలు, మిగతావాళ్ళు వస్తారన్నాడు. సరే సార్ అన్నాను. ఆలోచించుకోవడానికి ఒక పూట కూడా అడగలేదు. బెదిరించాడా అంటే లేదు. ఆశ చూపించాడా అంటే అదీ లేదు.

అది కూడా సగమే. వాళ్ళంతా నిన్ను ఎన్నుకున్న రోజున నేనూ చెయ్యెత్తాను. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. మనిద్దరం ఒకే రోజు ఆ యార్డులో చేరాం. వాళ్ళకి నువ్వే కనబడ్డావు, నేను కనబడలేదు. గేటు దగ్గర నీ చెయ్యి బానెట్ మీద పడినప్పుడు నాకు భయం వెయ్యలేదు చక్రపాణీ. ఇప్పుడు చూడు అనుకున్నాను. సమ్మె అయిపోయాక చిన్న ఓల్డ్‌రాయిడ్ యార్డులో నా పక్కనుంచే వెళ్ళేవాడు. తల కూడా ఊపేవాడు కాదు.

చక్రపాణి మామయ్యవాళ్ళు మనింటికి ఎందుకు రారని త్రివేణి పన్నెండేళ్ళప్పుడు అడిగింది. నీకు జబ్బు చేసి, నీకోసం నేను సమ్మె తప్పాల్సి వచ్చిందమ్మా అన్నాను. జ్ఞానప్రసూన అక్కడే కూర్చుని ఉంది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పోయేదాకా నన్ను ఒకళ్ళముందు అబద్ధాలకోరని అనలేదు, ఆ కథకి అవునని కూడా ఒక్కసారీ అనలేదు. నీకు మొదటి ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడు నిజమే రాద్దామనుకున్నాను. ఇన్నేళ్ళు చెప్పి చెప్పి అలవాటైపోయింది, అదే చేతికి వచ్చింది.

మొన్న ఆదివారం త్రివేణి నీ గదిలో పక్కబట్టలు మారుస్తోంది. అప్పుడు చెప్పాను. నాకసలు జ్వరమే రాలేదా నాన్నా అని అడిగింది. లేదన్నాను. తనవల్లే మనిద్దరికీ చెడిందని చిన్నప్పటినుంచీ అనుకుంటోందట. అందుకే ఒంట్లో బాగోలేకపోయినా ఇంట్లో ఎప్పుడూ చెప్పేది కాదట. పెద్ద ఆపరేషన్ అయినప్పుడు కూడా మాకు వారం తర్వాత తెలిసింది. ఎందుకు దాచిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. దుప్పటి సగం మడత పెట్టి మంచంమీద వదిలేసి పైకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. వేళకి అన్నం మాత్రం పెడుతోంది.

ఆ ముగ్గురూ నన్ను తిట్టినదేదీ పుస్తకంలోంచి తీసెయ్యొద్దని ఉజ్వలకి చెప్పు. దాని పక్కనే ఈ కాగితంలో ఉన్నది నా పేరుతో వెయ్యమను. మా ఇంటికి రావాలో వద్దో నువ్వు ఆలోచించుకో. నీ కోపం పోయిందని చదివాక పది రోజులు ఒళ్ళెరగకుండా నిద్రపోయానురా. అన్నేళ్ళ తర్వాత. ఆ నిద్ర కూడా నీ దగ్గర మోసం చేసి తీసుకున్నదే.

ఇది రాస్తుండగా త్రివేణి ఆఫీసుకి బయల్దేరుతూ నా గది గుమ్మంలో నిలబడింది. కవరు ఇవ్వు, వెళ్తూ పోస్టులో వేస్తానంది. ఆదివారం తర్వాత నాతో అన్న మొదటి మాట ఇదే.